ఖాళీ గిన్నె తిరిగివ్వడం

మా అమ్మ తన జన్మలో ఒకే ఒక్కసారి పక్కింటివాళ్ళ గిన్నెను ఖాళీగా తిరిగి పంపింది. పంపి, తలుపు దగ్గరగా వేసి, గోడవైపు తిరిగి ఏడ్చింది. అది 1995 ఫిబ్రవరి, రంజాన్ నెల. కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్ అనే పేటలో ఒక ఇరుకు సందు. అప్పటికి నాకు పదకొండేళ్ళు. ఇవ్వడం గురించి, పుచ్చుకోవడం గురించి ఆ తర్వాత ఎన్ని ప్రసంగాలు విన్నా ఆ గిన్నె పక్కన పెట్టి చూసుకోవడం నాకు అలవాటైపోయింది.

తెలుగిళ్ళ పద్ధతి మీకు తెలియంది కాదు. పక్కింటి నుంచి పులుసు వస్తే, ఆ గిన్నె కడిగి తిరిగిచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి పడాలి. ఏమీ లేకపోతే చారెడు పంచదార, నాలుగు పచ్చిమిరపకాయలు, కనీసం ఒక కరివేపాకు రెబ్బ. ఉత్త గిన్నె ఇవ్వకూడదంతే. మంచి అలవాటే, కాదనను. ఇరుగూ పొరుగూ నిలబడేది ఇలాంటి వాటి మీదే. కానీ దీని వెనకాల ఒక పద్దు నడుస్తూ ఉంటుంది. పెళ్ళిలో చదివింపుల పుస్తకం రాయిస్తాం కదా, ఎవరెంత చదివించారో చూసుకుని రేపు వాళ్ళింట్లో పెళ్ళికి అంతకి తగ్గకుండా చదివించడానికి. ఇదీ అలాంటిదే. కాకపోతే మనసులో రాసుకుంటాం.

మా అమ్మ మాత్రం నిజంగానే పుస్తకంలో రాసింది.

మేం ఖరగ్‌పూర్ వాళ్ళం. మా తాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నాన్న కూడా అక్కడే ఫిట్టరు. మా తెలుగు సంఘంలో అమ్మ స్త్రీల సమాజానికి కోశాధికారి. ఎవరింట్లో జ్వరమొచ్చినా ముందు చేరేది మా ఇంటి జావ. కోతపండుగ వేలంలో మేమిచ్చిన గుమ్మడికాయని మేమే ఎక్కువ పాట పాడి కొనుక్కుని, మళ్ళీ మందిరానికే ఇచ్చేసేవాళ్ళం. ఇచ్చే చెయ్యి అని మా ఇంటికి పేరు. ఆ పేరంటే అమ్మకి చాలా ఇష్టం.

ఆ ఏడు జనవరి చివర్లో నాన్నకి కడుపు ఆపరేషన్ అవసరమై గార్డెన్ రీచ్‌లో ఉన్న రైల్వే సెంట్రల్ హాస్పిటల్‌కి రాసిచ్చారు. షుగరు ఉంది కాబట్టి కుట్లు మానడానికి నెల పైనే పడుతుందన్నారు. ఖిదిర్‌పూర్ డాక్‌లో పనిచేసే దూరపు చుట్టం ఒకాయన ఏక్‌బాల్‌పూర్‌లో గది చూసిపెట్టాడు. డైమండ్ హార్బర్ రోడ్డు మీద అప్పటికింకా ట్రాములు తిరిగేవి. రోడ్డు దిగి సందులోకి తిరిగితే కుట్టుమిషన్ల చప్పుడు, కబాబుల పొగ, ఉర్దూ బోర్డులు. అమ్మ ఆ పేటని చూసి భయపడిందని చెప్పడం నాకిప్పుడు సిగ్గుగానే ఉంది. కానీ భయపడింది. మొదటి రెండు రాత్రులూ తలుపుకి ట్రంకుపెట్టె అడ్డంపెట్టి పడుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. పక్క గది దర్జీ భార్య. ఆవిడ అక్కచెల్లెళ్ళ పిల్లలు పిలిచినట్టే నేనూ తర్వాత ఆవిణ్ణి ఖాలా అని పిలిచాను. చేతిలో స్టీలు డబ్బా, మూతకి ఒక పక్కన చిన్న సొట్ట. లోపల పల్చటి ఖిచిడీ. "ఆస్పత్రిలో ఉన్న భాయీకి" అంది. తను ఉపవాసంలో ఉంది. తెల్లవారుజామున సెహ్రీ తిన్నాక గుక్కెడు నీళ్ళు కూడా ముట్టని మనిషి మిట్టమధ్యాహ్నం పొయ్యి ముందు నిలబడి మాకోసం వండింది.

అమ్మ వద్దంది. మూడుసార్లు వద్దని, నాలుగోసారి పుచ్చుకుంది. ఆ రాత్రి ఆస్పత్రి నుంచి వచ్చి, కిరసనాయిలు స్టవ్వు మీద అన్నం వండి, పులిహోర కలిపి, ఆ డబ్బా నింపి ఇచ్చింది. మర్నాడు డబ్బా మళ్ళీ వచ్చింది. అమ్మ మళ్ళీ నింపింది. ఓపిక లేని రోజున మిఠాయి కొట్లో రసగుల్లాలు కొని నింపింది. ఆస్పత్రి ఖర్చులు రాసే నోటుపుస్తకం చివరి పేజీలో నిలువుగా గీత గీసి, ఒకవైపు 'వచ్చింది', ఇంకోవైపు 'ఇచ్చాం' అని రాసుకుంది. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. 'ఖిచిడీ'కి ఎదురుగా 'పులిహోర'. 'కోడి రసం'కి ఎదురుగా 'రసగుల్లా 6'. 'రొట్టెలు 4, ఆలూ'కి ఎదురుగా 'అరటిపళ్ళు డజను'. ప్రతి వరుసలోనూ మావైపే కాస్త మొగ్గు.

పదో రోజో, పన్నెండో రోజో, ఖాలా తన డబ్బా అందుకుని, మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసింది. అంత హిందీ మాకూ వచ్చు. ఆవిడ అన్నది ఇది: "చెల్లీ, నేనిచ్చేటప్పుడు ఈ డబ్బా తేలిగ్గా ఉంటోంది. నువ్వు తిరిగిచ్చేటప్పుడు బరువెక్కుతోంది. రేపు ఖాళీగా ఇవ్వు."

మర్నాడు అమ్మ ఆ డబ్బాని రెండుసార్లు తోమింది. తుడిచింది. చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. నా చేతికిచ్చి పంపించింది. నోటుపుస్తకంలో ఆ రోజు 'వచ్చింది' కింద 'సేమియా' అని ఉంది. ఎదురుగా ఏమీ లేదు. ఎందుకేడ్చావని పెద్దయ్యాక అడిగితే గుర్తులేదంది. గుర్తుంది.

మత్తయి సువార్త 10వ అధ్యాయంలో యేసు తన పన్నెండుమందినీ ఊళ్ళ మీదికి పంపిస్తూ, వెల కట్టకుండా మీకు దొరికిందాన్ని వెల కట్టకుండానే పంచమని చెబుతాడు. ఆ మాట మన మందిరాల గోడల మీద కనిపిస్తుంది. కానుక సంచి తిరిగేటప్పుడు పాస్టరుగారి నోట వినిపిస్తుంది. దాని పక్కనే ఉన్న మాటని మాత్రం ఎవరూ గోడ మీద రాయించరు. నడుముకట్టులో డబ్బు పెట్టుకోవద్దు, సంచి వద్దు, రెండో అంగీ వద్దు. పనిచేసేవాడికి తిండి దొరకడం న్యాయమేనంటాడు. ఏ ఊరెళ్ళినా అక్కడ తగినవారి ఇల్లు చూసుకుని, ఊరు విడిచేదాకా ఆ ఇంట్లోనే ఉండమంటాడు.

ఆ రెండు మాటలూ కలిపి చదివి చూడండి. ఉచితంగా ఇవ్వడానికి బయల్దేరినవాడు ఉత్త చేతులతో బయల్దేరాలి. పగలంతా రోగుల్ని బాగుచేసినవాడు చీకటి పడేసరికి ఎవరి గుమ్మంలోనో నిలబడి చాప అడగాలి. జేబులో డబ్బుంటే ఆ అడగడం తప్పేది. తప్పకూడదనే ఆయన డబ్బు వద్దన్నాడని నేననుకుంటాను.

ఆయన తీరూ అదే. సమరయ ఊరి బావి దగ్గర ఆ స్త్రీతో మాట మొదలుపెట్టింది బోధతో కాదు, దాహమేస్తోంది నీళ్ళిమ్మని. ఆయన వెంట తిరిగిన బృందానికి యోహన్న, సూసన్న లాంటి స్త్రీలు తమ సొంత సొమ్ముతో ఖర్చులు పెట్టుకున్నారని లూకా రాశాడు. ఆ వాక్యం మీద ప్రసంగం నేనింతవరకూ వినలేదు. చివరి రాత్రి ఆయన తువ్వాలు కట్టుకుని కాళ్ళు కడుగుతుంటే, పేతురు నా కాళ్ళు మాత్రం ససేమిరా కడగనివ్వనన్నాడు. పైకి చూస్తే ఎంత వినయం! అచ్చం మా అమ్మ. కడగనివ్వకపోతే మనిద్దరికీ పొత్తు లేదని యేసు తెగేసి చెప్పాల్సొచ్చింది.

మన భాషలో దీనికి ఒక సొంత మాట ఉంది, మొహమాటం. దాన్ని మనం మంచి గుణాల పద్దులో వేసుకున్నాం. "అబ్బే, ఎందుకండీ శ్రమ", "ఇప్పుడివన్నీ ఎందుకు", "మీరు అడిగారు అదే చాలు". ఈ మాటలు మర్యాదగానే వినిపిస్తాయి. కానీ కిందటిసారి మీరు ఇవి అన్నప్పుడు లోపల ఏమనిపించిందో ఒక్కసారి వెనక్కెళ్ళి చూసుకోండి. నాకైతే రెండు కనిపించాయి. ఒకటి, ఇతనికి ఇప్పుడు నేను పడి ఉండాలే అన్న భయం. రెండోది ఒప్పుకోడానికి ఇంకా కష్టం: ఇతని దగ్గర పుచ్చుకునే స్థితికి వచ్చానా అన్న రోషం. వినయం ఆ రెండింటిలోనూ లేదు. ఇచ్చేచోట పై మెట్టు, పుచ్చుకునేచోట కింది మెట్టు అనే లెక్క మాత్రం ఉంది. పై మెట్టు మీదే నిలబడి ఉండాలని పట్టుబట్టేవాడు ఎంత ఇచ్చినా అది ఉచితం కాదు. మెట్టు అద్దె వసూలవుతూనే ఉంటుంది.

హిందువుల ఇళ్ళల్లో నోముకి వాయనం ఇచ్చేటప్పుడు ఇచ్చినావిడ ఇచ్చానని పైకి అంటే, పుచ్చుకున్నావిడ పుచ్చుకున్నానని పైకే అనాలి. ఆ రెండో మాట లేకపోతే వాయనం పూర్తికాదు. మన పెద్దవాళ్ళకి సంగతి తెలుసు. 'ఇచ్చిపుచ్చుకోవడం' అని రెండు పనుల్నీ ఒకే మాటలో కట్టేశారు. మనమే మధ్యలో విడదీశాం.

కలకత్తా, దాని చుట్టుపక్కల, ఈ విషయంలో తెలుగు క్రైస్తవుడు ఒకసారి తిరిగి చూడాల్సిన నేల. ఏక్‌బాల్‌పూర్ నుంచి మైదానం వైపు వెళితే సెయింట్ పాల్స్ కెథీడ్రల్ వస్తుంది, ఎంతో దూరం లేదు. 1912 డిసెంబరు 29న ఆ గుడిలోనే వేదనాయగం శామ్యూల్ అజరయ్యను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయన. ఊరు తిరునెల్వేలి వైపు, భాష తమిళం, పనిచేసింది మాత్రం మన దోర్నకల్‌లో. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం రాజ్యంలోని దోర్నకల్ ప్రాంతాన్ని తమ సేవాక్షేత్రంగా ఎంచుకున్నారు. అంటే మన పల్లెలకి ఆ సువార్త వచ్చింది దొరల డబ్బుతో కాదు, సాటి దక్షిణాది కూలీల, రైతుల కానుకలతో.

అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా ఇచ్చినవాళ్ళే. బళ్ళు ఇచ్చారు, ఆస్పత్రులు ఇచ్చారు, కొందరు ప్రాణాలే ఇచ్చారు. ఆయన వాటన్నిటికీ కృతజ్ఞత చెప్పి, మీరు ఆస్తులిచ్చారు, ఒళ్ళు కాల్చుకున్నారు, మాకు కావాల్సింది ప్రేమ, మాకు స్నేహితుల్నివ్వండి అని అడిగాడు. సభలో చాలామందికి అది మింగుడుపడలేదు. ఎందుకు పడుతుంది? ఏళ్ళ తరబడి పెడుతున్న చేతితో, నా పక్కన కూర్చుని నా కంచంలోది కూడా తిను అంటున్నాడాయన. ఇవ్వడం కంటే వెయ్యి రెట్లు కష్టమైన పని అడిగాడు. క్రైస్తవుడు ఎలా ఇవ్వాలన్న దాని మీద తర్వాత ఆయన ఒక చిన్న పుస్తకమే రాశాడు. దాన్ని మెచ్చుకునేవాళ్ళు ఎడిన్‌బరో ప్రసంగాన్ని దాని పక్కన పెట్టుకుని చదవాలి.

ఇక హుగ్లీ వెంట పైకి వెళితే శ్రీరాంపూర్. మిషనరీ విలియం కేరీ, ఆయన సహచరులు అక్కడ ఉమ్మడి ఖజానాతో బతికారు. ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పి కేరీ సంపాదించిన జీతం కూడా చాలామటుకు ఆ ఖజానాలోకే పోయేది. ఎవరి దగ్గరా చెయ్యి చాచనక్కర్లేని ఏర్పాటు. 1812 మార్చి 11 రాత్రి అచ్చుకూటం తగలబడింది. కాగితం, రాతప్రతులు బూడిదయ్యాయి, ఎన్నో భాషల అచ్చు అక్షరాలు కరిగి ముద్దయ్యాయి. అప్పుడు పుచ్చుకోక తప్పలేదు. కబురు ఇంగ్లండు చేరాక కొద్ది వారాల్లోనే పదివేల పౌండ్ల దాకా పోగైంది. ఇక చాలు, పంపకండని వాళ్ళని పంపిన మిషన్ సంస్థ కార్యదర్శి ఆండ్రూ ఫుల్లర్ చెప్పాల్సొచ్చింది. చందాలు చాలని చెప్పిన సంస్థ గురించి మీరెప్పుడైనా విన్నారా? అదే అచ్చుకూటం నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది. ఇవ్వడం తప్ప తెలియని మనిషికి నిప్పు పుచ్చుకోవడం నేర్పింది. మన భాషలో ఆ పుస్తకం వెనక అదీ ఉంది.

మదర్ థెరెసా సంగతి చెప్పకుండా ఈ చుట్టుపక్కల తిరగలేం. ఏక్‌బాల్‌పూర్ నుంచి అలీపూర్ దాటి, టాలీ నాలా వంతెన దాటితే కాళీఘాట్, అక్కడ 1952లో ఆవిడ తెరిచిన నిర్మల్ హృదయ్. ఆవిడ సిస్టర్లు మిగతా సన్యాసినుల్లా మూడు ప్రమాణాలతో ఆగరు. నాలుగోది, నిరుపేదలకి మనస్ఫూర్తిగా, ఉచితంగా సేవ చేస్తామని. 1979లో నోబెల్ ప్రసంగంలో ఆవిడ చెప్పిన ఒక సంగతి నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది. ఎనిమిదిమంది పిల్లలున్న ఒక హిందూ కుటుంబం ఆకలితో ఉందని తెలిసి బియ్యం పట్టుకెళ్ళిందట. ఆ తల్లి బియ్యం అందుకుని రెండు వాటాలు చేసి, ఒక వాటాతో బయటికెళ్ళింది. తిరిగొచ్చాక ఎక్కడికెళ్ళావంటే, పక్కింట్లో ఉన్న ముస్లిం కుటుంబం కూడా ఆకలితోనే ఉందని చెప్పింది. ఇక్కడిదాకా అందరం చెప్పుకుంటాం. ఆ తర్వాతి మాట చెప్పుకోం: ఆ సాయంత్రం మదర్ మళ్ళీ బియ్యం తేలేదు. పంచుకోవడంలో వాళ్ళకున్న సంతోషం వాళ్ళకే ఉండనిద్దామనుకుంది.

మొదటిసారి విన్నప్పుడు నాకు కోపమొచ్చింది. ఇంకో సంచి తెస్తే పోయేదేముంది? ఇప్పటికీ పూర్తిగా సర్దుకోలేదు నాకది. కానీ ఒకటి అర్థమైంది. ఆవిడ వెంటనే రెండో సంచి తెచ్చి ఉంటే, ఆ తల్లి ఇచ్చిన సగం బియ్యం ఉత్తుత్తి ఇవ్వడమైపోయేది. అడుక్కునేదాన్నన్న హోదాలోకి ఆవిణ్ణి తిరిగి దించేసినట్టయ్యేది. ఎదుటివాడు ఇచ్చిందాన్ని మనం అప్పటికప్పుడు పూడ్చేస్తే వాడు ఇచ్చినట్టే కాదు. రసగుల్లా 6.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

ఈ వారం మీకెవరైనా ఏదైనా ఇస్తే, కూర కావచ్చు, బండి మీద లిఫ్టు కావచ్చు, మెచ్చుకోలు కావచ్చు, "ఎందుకండీ" అన్న మాట నోట్లోనే ఆపండి. చూసి, పేరు పెట్టి చెప్పండి: "గోంగూర! మా ఆయనకి ప్రాణం." అంతే. తర్వాత వారం రోజులు ఏమీ తిరిగివ్వకండి. గిన్నె కడిగి ఉత్తదే ఇచ్చేయండి. మొదటిసారి అరచేతులు దురద పెడతాయి, నవ్వకండి, నిజంగానే పెడతాయి. ఆ దురదే మీ పద్దు పుస్తకం. వారం దాటాక మీకు వాళ్ళింటికి ఏమైనా పంపాలనిపిస్తే పంపండి. ఈసారి పంపేది బదులుగా వెళ్ళదు.

దానికంటే కష్టమైంది, అడగడం. నిచ్చెనో, గంటసేపు పిల్లాణ్ణి చూడడమో, ఊరెళ్ళేటప్పుడు మొక్కలకి నీళ్ళు పోయడమో, ఏదైనా చిన్నది, డబ్బు పెట్టి కొనుక్కోగలిగినా సరే పక్కింట్లో అడగండి. పక్కింటావిడ మొహం ఎలా విచ్చుకుంటుందో చూడండి. మీకు సాయపడే అవకాశం కోసం కొందరు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తూ ఉంటారు, మీరు రానివ్వరు.

ఇవ్వడం మాటకొస్తే, మన దగ్గరే ఒక మంచి సాధనముంది, పిడికెడు బియ్యం. అన్నానికి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోయడం, ఆదివారం మందిరానికి పట్టుకెళ్ళడం. మా నాయనమ్మ చేసేది. మిజోరం క్రైస్తవ స్త్రీలు ఇదే పనిని 'బుహ్‌ఫాయ్ థమ్' అని 1910 నుంచి పట్టుదలగా నడుపుకొస్తున్నారు. దాని గొప్పతనం దాని చిన్నతనంలో ఉంది. పిడికెడు బియ్యం ఇచ్చి ఎవరూ గర్వపడలేరు. సంచిలో పోశాక ఏది ఎవరి పిడికిలో ఎవరూ చెప్పలేరు. ఫ్లాట్లలో ఉండేవాళ్ళు బియ్యానికి బదులు రోజూ పది రూపాయలు డబ్బాలో వేసినా అదే.

దీనికి పూర్తిగా ఎదురు, మందిరంలో ఫ్యాను రెక్కల మీద ఎర్ర రంగుతో రాయించే దాత పేరు. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ ఆ పేరు కనపడదు. ఎండాకాలం ప్రసంగం మధ్యలో కరెంటు పోతేగానీ దాత ఎవరో సంఘానికి తెలియదు. చిన్నప్పుడు మా మందిరంలో ఒకసారి ఒక విధవరాలికి చీర ఇస్తూ, ఆవిణ్ణి ముందుకు పిలిచి, నిలబెట్టి, ఇచ్చినవాళ్ళ పేరు మూడుసార్లు చదివారు. ఆవిడ చీర అందుకుని వెనక్కి నడిచొచ్చిన నడక నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఇవ్వదల్చుకున్నది చీకటి పడ్డాక ఇంటికెళ్ళి ఇవ్వండి, కాఫీ ఇస్తే తాగి రండి. కాఫీ వద్దన్నారో, మీరిచ్చింది సగం పాడైనట్టే.

రెండు జాగ్రత్తలు. అప్పుని, కానుకని కలిపేయొద్దు. అప్పు తెచ్చుకుంటే తారీకుతో సహా రాసుకుని తీర్చాలి. 'దేవుడు ఇచ్చాడు' అంటూ చేబదులు ఎగ్గొట్టేవాళ్ళు ఈ మాటల్ని సాక్ష్యంగా చూపించకూడదు. పౌలు కూడా ఫిలిప్పీ సంఘం పంపింది సంతోషంగా పుచ్చుకున్నాడు గానీ, వేరేచోట్ల ఎవరికీ భారం కాకుండా సొంత చేతులతో పనిచేసుకున్నాడు. ఇక రెండోది: వద్దనాల్సిన చోట వద్దనండి. ఇచ్చాక మీ ఓటో, మీ నోరో, మీ పిల్లనో అడిగేవాడు ఇవ్వడం లేదు, కొంటున్నాడు. పెళ్ళి చూపుల్లో 'కానుకలు' అనే మాట ఎప్పుడు ఏ అర్థంలో వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంత విత్తితే నూరంతలు వస్తుందని మైకులో లెక్క చెప్పి, అప్పు చేసైనా ఇవ్వమనేవాడి దగ్గర సంచి ముట్టుకోకుండా లేచి వచ్చేయండి. నూరంతలకి ఆశపడి ఇచ్చేది చీటీ, కానుక కాదు. కొరింథు సంఘానికి చందా గురించి రాస్తూ పౌలు, ఎదుటివాళ్ళకి సుఖం మీకు ఇబ్బంది కావడం నా ఉద్దేశం కాదని, ఉన్నదాన్ని బట్టే ఇమ్మని, ఇవాళ మీ కలిమి వాళ్ళ లేమికి, రేపు వాళ్ళ కలిమి మీ లేమికి పనికొస్తుందని విడమర్చి చెప్పాడు. రెండువైపులా నడిచే దారి వేశాడాయన.

నాన్నకి కుట్లు విప్పి ఇంటికి పంపడానికి ఇంకో వారం ఉందనగా, ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి తొందరగా వచ్చేశాం. ఖాలా గది తలుపు తీసే ఉంది. అప్పటిదాకా అమ్మ ఆ గుమ్మం దాటలేదు, డబ్బా ఎక్కువగా నాతోనే పంపేది. ఆ రోజు లోపలికెళ్ళి పీట మీద కూర్చుంది. దర్జీ మిషను మీద పిల్లల పండగ బట్టలు గుట్టగా పడున్నాయి. ఖాలా పొయ్యి మీద పప్పు కలుపుతోంది. గరిటె పైకెత్తి, మూతి దగ్గరికి తెచ్చుకోబోయి ఆగి, నవ్వి, "నేను రుచి చూడకూడదు కదా, నువ్వు చూడు" అని అమ్మ అరచేతిలో రెండు చుక్కలు వేసింది.

ఎవరింటి వంటనైనా "చాలా బావుంది" తప్ప ఇంకోమాట అని ఎరగదు మా అమ్మ. అరచెయ్యి నాకి, కాసేపు ఆలోచించింది.

"ఉప్పు తక్కువైంది దీదీ" అంది.

ఖాలా ఉప్పు డబ్బా అమ్మ వైపు జరిపింది.